పలుపు చేతికి వచ్చే ముందు

మా ఇంట్లో ఒక ఆవు ఉండేది. పేరు పొట్టెమ్మ. నిలబడితే దాని మూపురం నా గుండెల దాకా వచ్చేది. అంత ఎత్తు ఆవుకు పొట్టెమ్మ అని పేరేమిటని వచ్చిన చుట్టమల్లా నవ్వి పోయేవాడు. కొన్న రోజున మాత్రం ఆ పేరు దానికి అతికినట్టు సరిపోయింది. అప్పుడది నాలుగు నెలల పెయ్యదూడ. మా వైపు ఒక సంతలో పుంగనూరు జాతి అని చెప్పి అమ్మారు. నేను కొన్నాను. నాలుగు నెలల వయసులో ఏ దూడైనా పొట్టిగానే ఉంటుందన్న సంగతి, బడిలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన నాకు ఆ పూట తట్టలేదు.

ఈరోజు మీతో చెప్పదలచుకొన్నది ఆ తెలివితక్కువతనం గురించీ, మళ్ళీ ఆరేళ్ళకు ఒక వేలంపాటలో ఇంకో దూడను కొన్న వైనం గురించీ.

పుంగనూరు ఆవును పత్రికల్లో బొమ్మగా తప్ప చూడనివాళ్ళ కోసం ముందు దాని రూపం చెబుతాను. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పడమటి మండలాలు, అంటే పుంగనూరు, పలమనేరు, మదనపల్లె చుట్టుపక్కల పల్లెలు, దీని పుట్టిల్లు. బాగా ఎదిగిన పశువు కూడా 70 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తే ఉంటుంది. మూడడుగులకు లోపలే అన్నమాట. బరువు 115 నుంచి 200 కిలోలు. తెలుపు, బూడిద, గోధుమ, ఎరుపు, నలుపు, ఏ రంగైనా కావచ్చు. నుదురు వెడల్పు. కొమ్ములు పొట్టివి, నెలవంకలా వంగి ఉంటాయి. వీపు ముందు నుంచి వెనక్కి కాస్త వాలి ఉంటుంది. తోక మాత్రం పొడుగు. కుచ్చు నేలకు తగులుతుంది. ఆ ఆవు వాకిట్లో నడిచిపోతుంటే ఎవరో చీపురు పట్టుకొని వెనకాలే పోతున్నట్టు ఉంటుంది. మేత కొంచెమే తింటుంది. వాన మొహం చాటేసిన ఏడాది ఎండుగడ్డితో, వేరుశనగ కట్టెతో నెట్టుకొస్తుంది. సీమ రైతుకు ఇంతకన్నా ఏం కావాలి?

పాల దగ్గరే కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. రోజుకు ఐదు లీటర్లు ఇస్తుంది, వెన్న శాతం 8 ఉంటుంది అని అమ్మేవాళ్ళు చెబుతారు. ఈత మొత్తానికి ఈ ఆవు ఇచ్చే పాలు సగటున సుమారు 550 కిలోలు. తొమ్మిది నెలలు పితికిందనుకొని భాగిస్తే రోజుకు రెండు లీటర్లు. ఇది ఐదో తరగతి లెక్క. వెన్న 5 శాతం వస్తే మంచి పాలే. 8 అన్నవాణ్ణి మన ఎదుటే పితికి డెయిరీలో పరీక్ష చేయించమంటే, వాడు వెంటనే గోమూత్రం గుణాల గురించి మాట్లాడటం మొదలుపెడతాడు.

రెండు లీటర్ల ఆవును పాల డెయిరీ నిలబడనివ్వదు. మన జిల్లాలో ఊరూరా పాల సేకరణ కేంద్రాలు వచ్చాక రైతు జెర్సీ సూది వేయించాడు, హోల్‌స్టెయిన్ సూది వేయించాడు. తప్పు పట్టలేం. పిల్లల ఫీజులు పాలతోనే కట్టాలి. అలా రెండు తరాల్లో పుంగనూరు రక్తం పలచబడిపోయింది. 2013లో జాతివారీగా లెక్క తీస్తే 2,828 పశువులు తేలాయి. 2019 లెక్కల్లో 13,275 అన్నారు. సంతోషించవలసిన మాటే. కానీ లెక్కల అయివారి బుద్ధి ఊరుకోదు కదా. ఆవు ఏడాదికి ఒక్క దూడను ఈనడమే ఎక్కువ. అందులో సగం కోడెలు. ఆరేళ్ళలో మంద దాదాపు ఐదింతలు కావడం కాన్పుల వల్ల మాత్రమే జరిగే పని కాదు. మునుపు లెక్కలోకి రానివి కొన్ని ఇప్పుడు వచ్చి ఉంటాయి. కొన్ని మా పొట్టెమ్మలా పేరు మార్చుకొని వచ్చి ఉంటాయి.

ఎందుకు మార్చుకోవు? 2020లో రాష్ట్ర ప్రభుత్వం మిషన్ పుంగనూరు అని ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. 2024 సంక్రాంతి సందర్భంగా ప్రధానమంత్రి తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత పెడుతున్న దృశ్యం దేశమంతా చూసింది. ఆ తర్వాత హైదరాబాదు, బెంగళూరు కార్లు మా పల్లెల్లోకి రావడం ఎక్కువైంది. ఒకప్పుడు వేలల్లో పలికిన ఆవు లక్షల్లో పలుకుతోంది. ఇంకా పొట్టివి, మినియేచర్లు, సోఫా ఎక్కి కూర్చొనేవి అంటూ గోదావరి జిల్లాల నుంచి వీడియోలు వస్తున్నాయి. ఆవును సోఫా ఎక్కించడం దేనికో నాకు అర్థం కాదు. ఆవుకు కూడా అర్థమై ఉండదు.

సంత బేరం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అమ్మేవాడి తరఫున దళారి, కొనేవాడి చెయ్యి పట్టుకొంటాడు. రెండు చేతుల మీదా తువ్వాలు కప్పుతారు. మాటలుండవు. తువ్వాలు కింద వేళ్ళు మాట్లాడుకొంటాయి. ఒక వేలు పట్టుకొంటే ఇంత, రెండు పట్టుకొంటే ఇంత. చుట్టూ యాభై మంది నిలబడి ఉన్నా ధర ఎవరికీ తెలియదు. ఆ ధర తెలియకపోవడమే దళారి బతుకు. పొట్టెమ్మను నేను కొన్నది అలాగే. నా నాలుగు వేళ్ళూ దళారి చేతిలో ఇరుక్కుపోయాయి. వదిలించుకొనేసరికి దూడ నాదైపోయింది.

వేలం అందుకు పూర్తిగా తలకిందులు. అక్కడ ధర అరిచి చెప్పాలి. హిందీలో నీలాం, తమిళంలో ఏలం, మనకు వేలం, ఇవన్నీ పోర్చుగీసు మాట నుంచే వచ్చాయని అంటారు. మాట పరాయిదే అయినా దానికి పాట తగిలించింది మాత్రం మనమే. మనం వేలంలో పాడతాం. గెలిస్తే పాడుకొన్నాం అంటాం. గొంతు బాగుండక్కరలేదు.

మా ఊళ్ళో పశువుల మర్మం తెలిసిన ఒక పెద్దాయన ఉండేవాడు. నేను తాతా అనేవాణ్ణి. ఆయన నన్ను అయివారూ అనేవాడు. ఒక పశుక్షేత్రంలో మిగులు పుంగనూరు దూడలను వేలం వేస్తున్నారని పేపర్లో ప్రకటన చూసి ఆయన దగ్గరికి పోయాను. పొట్టెమ్మ దెబ్బ ఆయనకూ తెలుసు. కాసేపు నవ్వుకొని, "వేలం ఎప్పుడు?" అన్నాడు. ఫలానా గురువారం అన్నాను. "అట్లయితే బుధవారమే పోదాం పద. పాట రోజు మనుషుల్ని చూస్తాం గానీ పశువుల్ని చూడలేం" అన్నాడు.

బుధవారం పోయాం. తాత చేతిలో ఒక కర్ర. దాని మీద రెండు గాట్లు పెట్టాడు. కింది గాటు 70 సెంటీమీటర్ల దగ్గర, పై గాటు 90 దగ్గర. నేను దూడల దొడ్డి వైపు నడుస్తుంటే ఆయన ఆవుల కొట్టం వైపు తిరిగాడు. "దూడల్ని ఏం చూస్తావు అయివారూ? అన్నీ పొట్టివే. వాటి అమ్మల్ని చూడు." పాడిని చూసి బర్రెను, తల్లిని చూసి పిల్లను తీసుకోవాలన్నది మన సామెతే. నోటికి వచ్చిన సామెత బుర్రకు ఎక్కడానికి నాకు ఆరేళ్ళు పట్టింది.

ఒక్కొక్క ఆవు పక్కనా కర్ర నిలబెట్టి చూశాం. మూపురం వెనక కొలవాలి. తల ఎత్తి నిలబడినప్పుడు కాదు, నాలుగు కాళ్ళ మీదా సమంగా నిలబడినప్పుడు. పై గాటు దాటిన తల్లులు రెండు ఉన్నాయి. వాటి దూడల నంబర్లు కొట్టేశాం. తర్వాత రిజిస్టరు అడిగాం. దూడ చెవి పోగు నంబరు, తల్లి నంబరు, ఆబోతు నంబరు, పుట్టిన తేదీ. మీరు ఎక్కడ కొన్నా ఈ నాలుగూ అడగండి. పశువు చెవికి వేసే పసుపు పోగు మీద 12 అంకెలుంటాయి. అది పశువుకు ఆధార్ లాంటిది. ఐతే ఆ పోగు ఫలానా పశువు ఇదే అని చెబుతుంది గానీ ఫలానా జాతి అని ప్రమాణం చేయదు. జాతి చెప్పవలసింది తల్లీ తండ్రీ.

తల్లీ తండ్రుల లెక్క పద్ధతిగా పెట్టే చోటు ఒకటి చెబుతాను. ఇంగ్లండు దక్షిణాన న్యూ ఫారెస్ట్ అనే అడవి ఉంది. అందులో పొట్టి గుర్రాలు తిరుగుతుంటాయి. మన తిరుపతి రైల్వే స్టేషను ముందు ఒకప్పుడు జట్కాలకు కట్టిన తట్టువల్లాంటివే అనుకోండి. ఆ గుర్రాలకు సొంతదార్లు అడవి చుట్టుపక్కల పల్లెటూరి జనం. వాటి పిల్లల్ని బ్యూలీ రోడ్ అనే చోట వేలం వేస్తారు. అడవిలోకి ఏ మగ గుర్రం పడితే అది పోవడానికి లేదు. పరీక్ష చేసి, జాతికి సరిపోతుందని ఒప్పుకొన్న కొద్ది వాటినే ఏడాదిలో కొద్దికాలం వదులుతారు. ఆ దేశంలో అమ్మే ప్రతి గుర్రానికీ పాస్‌పోర్టు ఉండాలి. అక్కడి వేలంలో పిల్లను కొనేవాడు దాని వంశం కాగితం మీద చూసుకొని పాడతాడు. మన రైతు ఇంటి దొడ్లో ఆ కాగితం లేదు. పలమనేరులో పశు పరిశోధనా స్థానం ఉంది. అక్కడి మందకు లెక్కాపత్రం ఉంది. ఆ స్థానం తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడుస్తుంది. దాని గేటు దాటి బయటికి వస్తే మాటే కాగితం. ఊరి దూడకు కూడా పుట్టుక పుస్తకం రాసే ఏర్పాటు ఊరి పశువైద్యశాలలోనే ఉండాలని నేను ఎప్పటినుంచో మొత్తుకొంటున్నాను.

మళ్ళీ దూడల దొడ్డికి వద్దాం. అన్నింటిలోకీ పొట్టిది ఒకటుంది. తెల్లటి పెయ్య, కాటుక కళ్ళు. చూసేవాళ్ళంతా దాని చుట్టూనే. నా చెయ్యి కూడా దాని గంగడోలు మీదికి పోయింది. తాత దాని పక్కన కూర్చొని పొట్ట తట్టాడు. పొట్ట కుండలా ఉంది. వెంట్రుకలు నిక్కబొడుచుకొని, మెరుపు లేకుండా ఉన్నాయి. ఒంటికి మించిన తల. తోక కింద పారుడు ఎండిపోయి అంటుకొని ఉంది. ఆయన లేచి చేతులు దులుపుకొంటూ, "ఇది జాతి పొట్టి కాదు అయివారూ, ఆకలి పొట్టి" అన్నాడు.

ఈ ఒక్క మాట కోసమే నేను ఈ ప్రసంగం ఒప్పుకొన్నానేమో. పొట్టితనానికి ధర పెరిగితే దూడ కడుపు మాడ్చేవాడు పుట్టుకొస్తాడు. తల్లిపాలు తగ్గిస్తాడు, నట్టల మందు పోయడు. ఆర్నెల్ల దూడను మూడు నెలల దూడలా నిలబెడతాడు. దాన్ని ఇంటికి తెచ్చి మీరు బాగా మేపితే రెండేళ్ళలో అది ఎదగవలసినంత ఎదుగుతుంది. లేదా ఎదగకుండానే పోతుంది. ఆకలి పొట్టికి ఎముకలు పొడుచుకొస్తుంటాయి, అడుగు తడబడుతుంది. జాతి పొట్టి అట్లా ఉండదు. పొట్టిగా ఉన్నా నిండుగా ఉంటుంది. ముట్టె తడిగా, కళ్ళు తేటగా, బొడ్డు దగ్గర వాపు లేకుండా, మనం దగ్గరికి పోతే చెవులు రిక్కించి రెండడుగులు వెనక్కి వేస్తుంది. మూడింతల ధర పెట్టి కొనేవాళ్ళు ఆ రెండడుగులు చూడాలి.

తాత నాకు చూపించిన దూడ వేరు. గోధుమ రంగు. ఒక చెవి అంచు ఎక్కడో ముళ్ళకంపకు తగిలి చీలింది. తల్లి 80 దగ్గర ఉంది. ఆబోతు కూడా అదే కొట్టంలో ఉంది, దాన్నీ కర్రతో కొలిచాం. ఏడు నెలల పెయ్య. వెన్ను మీద ఒక సుడి. ఆ సుడి మంచిది కాదని పక్కన ఇద్దరు గుసగుసలాడుకొని జాబితాలో దాని నంబరు కొట్టేసుకోవడం నేను చూశాను. సుడుల శాస్త్రం మీద నాకు నమ్మకం లేదు గానీ, దాన్ని నమ్మేవాళ్ళు వేలానికి రావాలని కోరుకొనే రోజు ఒకటి వస్తుందని అనుకోలేదు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి ఒక చీటీ మీద 55,000 అని రాసి చొక్కా జేబులో పెట్టుకొన్నాను. అంతకు మించి ఒక్క రూపాయి పాడకూడదు. ఈ చీటీ సంగతి చిన్నదిగా తీసుకోకండి. పాట మొదలయ్యాక మనిషి మనిషిగా ఉండడు. పక్కవాడు వెయ్యి పెంచితే మనకు దూడ మీద కాక పక్కవాడి మీద పట్టుదల పుడుతుంది.

గురువారం ధరావతు కట్టి చీటీ తీసుకొన్నాం. షరతులు చదివారు. ఉన్నది ఉన్నట్టు తీసుకోవాలి, పాట కొట్టేశాక డబ్బు అక్కడికక్కడే కట్టాలి, పశువును సొంత ఖర్చుతో తోలుకుపోవాలి, గేటు దాటాక ఏం జరిగినా క్షేత్రానికి సంబంధం లేదు. తర్వాత సర్కారువారి పాట. ఆ పేరుతో సినిమా వచ్చాక పిల్లలు నవ్వుతున్నారు గానీ, అది పాత మాట. అంతకు తక్కువకు ఇవ్వము అని ముందే చెప్పే ధర.

తెల్ల దూడ ముందు వచ్చింది. బెంగళూరు నుంచి వచ్చిన ఒక కుర్రవాడూ, చెన్నై నుంచి వచ్చిన ఒక పెద్దమనిషీ పోటీ పడ్డారు. 40 వేల దగ్గర మొదలైన పాట నిమిషంలో లక్ష దాటింది. తాత పక్కనుండి, "చూడు, దూడ ఎవరికీ కనిపించడంలేదు" అన్నాడు. నిజమే, ఇద్దరూ ఒకరినొకరు చూసుకొంటున్నారు. 1,40,000కు కుర్రవాడు పాడుకొన్నాడు. చప్పట్లు కొట్టారు.

గోధుమ పెయ్య ఐదోది. సర్కారువారి పాట 30,000. నేను 31 అన్నాను. ఎవరో 35 అన్నారు. అలా అలా 50 దాకా పోయింది. నా గొంతు ఎండిపోయింది. 52 అన్నాను. ఒకటోసారి అన్నారు. వెనక నుంచి ఎవరో దగ్గారు, నా ప్రాణం పోయింది. రెండోసారి. ఆ దగ్గు ఉత్త దగ్గే. మూడోసారి. పాట నా పేర కొట్టేశారు. జేబులో చీటీ చూసుకొన్నాను, ఇంకా 3,000 మిగిలింది. ఆ డబ్బుతో ఆటో మాట్లాడుకొన్నాం.

ఇంటికి తెచ్చాక చేయవలసినవి మీ పశువైద్యుడు నాకన్నా బాగా చెబుతాడు. రెండే చెబుతాను. కొత్త దూడను వెంటనే పాత మందలో కలపకండి, మూడు వారాలు విడిగా కట్టండి. పెయ్యదూడ ఐతే నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య బ్రూసెల్లా టీకా ఒకసారి వేయించాలి. ఆ వయసు దాటితే వేయరు. నా పెయ్యకు ఏడు నెలలు నిండాయి కాబట్టి మర్నాడే పరుగెత్తాను.

ఇంకొక్క మాట. ఈమధ్య జత కావాలి అని అడుగుతున్నారు. కోడెదూడ ఒకటి, పెయ్యదూడ ఒకటి. చూడ్డానికి బొమ్మల్లా ఉంటాయి, పెద్దయ్యాక వాటికవే పిల్లల్ని పెడతాయి అని ఆశ. అమ్మేవాడు తన దొడ్లోవే రెండూ పట్టి ఇస్తాడు. ఆ రెండూ ఒక ఆబోతు బిడ్డలు. అన్నాచెల్లెళ్ళను మనం ఇంటికి తెచ్చి కాపురం పెట్టిస్తున్నాం. ఉన్నదే చిన్న మంద. రక్తం రక్తంతో కలిసిపోతుంటే ఈతలు తప్పుతాయి, దూడలు బలహీనంగా పుడతాయి. కేరళలో వేచూరు ఆవు కూడా ఇట్లాగే చిన్నది. దాదాపు మాయమైపోయిన ఆ జాతిని 1989 నుంచి సోసమ్మ ఐప్ అనే పశువైద్య ఆచార్యురాలు, విద్యార్థులతో పల్లెపల్లెకూ తిరిగి వెతికి పట్టుకొని నిలబెట్టారు. 2022లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. వేర్వేరు ఇళ్ళ నుంచి వేర్వేరు పశువుల్ని తేవడమే ఆ కష్టంలో అసలు కష్టం. మనమేమో ఒకే దొడ్డి నుంచి జత కట్టి తెస్తున్నాం.

ఆ వేలంలో కోడెదూడల పాట వచ్చేసరికి సగం మంది టీ తాగడానికి పోయారు. మంచి ఆబోతు బిడ్డలు కూడా సర్కారువారి పాట మీద వెయ్యో రెండువేలో పలికి ఊరుకొన్నాయి. తాత ఆ పూట ఏమీ మాట్లాడలేదు. ఆటోలో వస్తూ, "ఆడదాన్ని కొన్నోడు ఒక ఆవును పెంచుతాడు, మంచి కోడెను పెంచినోడు ఊరి ఆవులన్నిటినీ మారుస్తాడు. ఆ సంగతి ఎవురికీ పట్టలేదు" అన్నాడు. ఆయన పోయి మూడేళ్ళయింది. గాట్లు పెట్టిన ఆ కర్ర మా ఇంట్లోనే ఉంది.

పొట్టెమ్మ సంగతి చెప్పకుండా ముగిస్తే పాపం. దానిలో సగానికి పైగా జెర్సీ రక్తమే ఉండి ఉంటుంది. రోజుకు ఎనిమిది లీటర్లిచ్చింది. నన్ను మోసం చేసిన దళారిని మా ఇంటావిడ ఒక్కనాడూ తిట్టలేదు.

గోధుమ పెయ్య మొన్న దసరాకు రెండో ఈత ఈనింది. కర్ర పెట్టి చూశాను, 84 సెంటీమీటర్లు. మన దొడ్లోకి కొత్త రక్తం రావాలని వేరే ఆబోతు సూది వేయించాను. కోడెదూడ పుట్టింది. బెంగళూరు నుంచి ఇప్పటికే ఇద్దరు అడిగారు, ఇవ్వనన్నాను. మా చుట్టుపక్కల ఇళ్ళలో ఇంకా నిజమైన పుంగనూరు ఆవులను పెట్టుకొన్నవాళ్ళు ఉంటే, రెండేళ్ళు ఆగి ఎదకొచ్చిన ఆవును మా ఇంటికి తోలుకు రండి. డబ్బు తీసుకోను. పుట్టిన దూడ తేదీ, తల్లీ తండ్రుల వివరం ఒక పుస్తకంలో రాయించి పోతే చాలు. పుస్తకం కొని పెట్టాను.